కాలేజీ సాఫ్ట్‌బాల్ కోచ్‌ల కంట పడటం ఎలా? అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి ఎనిమిదేళ్ల వయసులో ఊరి పార్కులో బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ ఆటకు గ్లవ్ తొడుక్కున్న నాటి నుంచి కాలేజీ జట్టులో చేరిన నాటి వరకు గడిచిన పదేళ్లలో మేము చాలా విషయాలు ఆలస్యంగా తెలుసుకున్నాము. బాగా ఆడితే కోచ్‌లే వెతుక్కుంటూ వస్తారని నమ్మి, తొమ్మిదో తరగతి, పదో తరగతి రెండూ ఎవరికీ ఒక్క ఉత్తరం రాయకుండా గడిపేశాము. ఆ తరువాత, స్కూలుతో సంబంధం లేని క్లబ్ జట్లు ఊరూరా తిరిగి ఆడే ట్రావెల్ టోర్నమెంట్లలో పక్క కుర్చీలలో కూర్చునే తెలుగు తల్లిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చి, నాకు తెలిసిన జవాబులు రాశాను.

క్రికెట్ తప్ప మరో ఆట తెలియకుండా పెరిగినవాళ్లం. సాఫ్ట్‌బాల్ ఆడితే కాలేజీలో చోటు దొరకడం నిజంగా జరుగుతుందా?

జరుగుతుంది. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలలో ఆడపిల్లల పట్ల వివక్ష ఉండరాదని 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ఆటలకూ వర్తించడం వల్లనే అమెరికా కాలేజీలలో మహిళల సాఫ్ట్‌బాల్ ఇంతగా విస్తరించింది. ఈ రోజున కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంఘపు మూడు స్థాయిలలో, డివిజన్ వన్‌లో సుమారు 300 జట్లు, డివిజన్ టూలో దాదాపు అన్నే, డివిజన్ త్రీలో 400కు పైగా ఉన్నాయి. ఇవి కాక ఎన్‌ఏఐఏ అనే మరో సంఘం కిందనున్న చిన్న కాలేజీలు, రెండేళ్ల జూనియర్ కాలేజీలు ఉన్నాయి.

మన ఇళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే, ఏటా ఓక్లహోమా సిటీలో జరిగే విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్‌ను టీవీలో చూసి, అక్కడికి చేరిన ఎనిమిది జట్లే కాలేజీ సాఫ్ట్‌బాల్ అనుకోవడం. 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచిన ఓక్లహోమా, 2025లో తొలిసారి గెలిచిన టెక్సస్ వంటి జట్లలో చోటు కోసం దేశమంతటి నుంచీ పిల్లలు పోటీ పడతారు. మన అమ్మాయికి సరిపోయే చోటు మిగిలిన వెయ్యి జట్లలో ఎక్కడో ఉండే అవకాశమే ఎక్కువ. ఒక్కో జట్టులో ఇరవై, ఇరవై అయిదు మంది ఉంటారు కాబట్టి ఏటా ఖాళీ అయ్యేవి అయిదారు స్థానాలే. వాటిలోనూ కొన్ని ఇతర కాలేజీల నుంచి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చేవారికి పోతాయి. అందుచేత ఏ అయిదు కాలేజీల పేర్లో రాసుకుని కూర్చోకుండా, మొదట్లో నలభై, యాభై కాలేజీల జాబితా వేసుకోవడం అతిశయం కాదు.

కోచ్‌లు ఎప్పటి నుంచి మాట్లాడవచ్చు?

డివిజన్ వన్ సాఫ్ట్‌బాల్‌లో పదకొండో తరగతి సంవత్సరపు సెప్టెంబరు 1 అసలు తేదీ. ఆ రోజుకు ముందు కోచ్ మీ అమ్మాయికి ఫోన్ చేయకూడదు, సందేశం పంపకూడదు, ఆమె ఫోన్ చేసినా ఎత్తి మాట్లాడకూడదు. ఎనిమిదో తరగతి పిల్లల చేత కూడా మాట ఇప్పించుకునే అలవాటు ఈ ఆటలో బాగా ముదిరినందువల్ల 2018లో ఈ నియమం తెచ్చారు. అది పిల్లలకు మేలు చేసిన నియమమని నా నమ్మకం. పన్నెండేళ్ల పిల్లకు ఏ కాలేజీ కావాలో ఆ పిల్లకే తెలియదు.

డివిజన్ టూలో పదో తరగతి పూర్తయిన తరువాత వచ్చే జూన్ 15 నుంచి మాట్లాడవచ్చు. డివిజన్ త్రీ కోచ్‌లు అంతకన్నా ముందు కూడా ఉత్తరాలు రాయవచ్చు. ఎన్‌ఏఐఏలోనూ, జూనియర్ కాలేజీలలోనూ ఇలాంటి ఆంక్షలు చాలా తక్కువ.

ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ నియమం కోచ్ నోటిని కట్టేస్తుంది కానీ కళ్లను కట్టెయ్యదు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు కూడా వాళ్లు ఆట చూడవచ్చు, ఉత్తరం చదవవచ్చు, పేరు రాసుకోవచ్చు, క్లబ్ కోచ్‌ను ఆమె ఆట గురించి వాకబు చేయవచ్చు. సెప్టెంబరు 1న అర్ధరాత్రి దాటగానే కొందరు పిల్లల ఫోన్లు మోగడం చూసి మనం ఆశ్చర్యపోతాము. ఆ పిల్లల పేర్లు కోచ్‌ల పుస్తకాలలోకి ఏడాది, రెండేళ్ల ముందే ఎక్కి ఉంటాయి.

జవాబు ఇవ్వలేని కోచ్‌కు ముందుగా ఉత్తరం రాసి ప్రయోజనం ఏమిటి?

పెద్ద టోర్నమెంటులో ఒక ఉదయం ఇరవై మైదానాలలో ఒకేసారి ఆటలు జరుగుతుంటే, వచ్చిన కోచ్ ఏ మైదానం దగ్గర కుర్చీ వేసుకోవాలో ముందు రోజు రాత్రే నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయానికి ఆధారం తమకు తెలిసిన పేర్లు, క్లబ్ కోచ్‌లు చెప్పిన మాటలు, తమకు వచ్చిన ఉత్తరాలు. ఏ పేరూ తెలియకుండా దారిన పోతూ ఆగి చూసి ఒక అమ్మాయిని ఇష్టపడటం జరగదని అనను కానీ, దానిమీద ఆశ పెట్టుకోవడం లాటరీ టికెట్ కొన్నట్టే. మేము రెండేళ్లు పోగొట్టుకున్నది సరిగ్గా ఇక్కడే.

ఉత్తరం రాసే ముందు ప్రతి కాలేజీ జట్టు వెబ్‌సైట్‌లో ఉండే రిక్రూటింగ్ ప్రశ్నావళిని అమ్మాయి నింపాలి. అది పది నిమిషాల పని. చాలా కోచింగ్ సిబ్బంది తమ జాబితాను అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఉత్తరంలో ఏమి ఉండాలి? నేను రాసి పంపవచ్చా?

పంపవద్దు. అమ్మాయే రాయాలి, ఆమె సొంత ఈమెయిల్ నుంచే వెళ్లాలి. తండ్రి రాసిన ఉత్తరం ఎంత చక్కగా ఉన్నా, నాలుగేళ్లపాటు తాము రోజూ మాట్లాడవలసింది ఎవరితోనో కోచ్‌కు తెలియనివ్వదు. పద్నాలుగేళ్ల పిల్ల రాసిన వాక్యం కొంచెం తడబడినా పరవాలేదు.

సబ్జెక్టు లైనులోనే హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం, ఆడే స్థానం, పేరు, క్లబ్ పేరు ఉండాలి. కోచ్‌లు తమ ఇన్‌బాక్సులో ముందుగా వెతికేది ఆ సంవత్సరాన్నే, ఎందుకంటే 2028లో వచ్చే పిల్లల్లో తమకు షార్ట్‌స్టాప్ కావాలా, క్యాచర్ కావాలా అన్నది వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. లోపల నాలుగైదు వాక్యాలు చాలు. ఆ కాలేజీనే ఎందుకు ఎంచుకున్నదో ఒక నిజమైన కారణం, జీపీఏ, బ్యాటు ఏ చేతివాటం, బంతి ఏ చేతితో విసురుతుంది, వీడియో లింకు, రాబోయే టోర్నమెంటులో ఏ రోజు, ఏ గంటకు, ఏ మైదానంలో, ఏ నంబరు జెర్సీతో ఆడుతుందో, క్లబ్ కోచ్ ఫోన్ నంబరు. ఉత్తరాన్ని హెడ్ కోచ్‌కు పంపుతూ, రిక్రూటింగ్ చూసుకునే అసిస్టెంట్ కోచ్‌కు కూడా తప్పకుండా పంపాలి. చాలాచోట్ల మొదట తెరిచి చదివేది ఆ అసిస్టెంటే.

ఒకే ఉత్తరాన్ని యాభై కాలేజీలకు పంపే తొందరలో ఒక కాలేజీ పేరు మరో కాలేజీకి వెళ్లడం తరచుగా జరిగే ప్రమాదం. పంపే ముందు పైకి చదివించండి.

మొదటి ఉత్తరంతో పని అయిపోదు. టోర్నమెంటుకు వారం ముందు షెడ్యూలు, తరువాత రెండు మూడు వాక్యాలలో ఫలితం, కొత్త సెమిస్టర్ మార్కులు, కొత్త వీడియో, ఇలా నెలకొకసారైనా కొత్త విషయం చెప్పే ఉత్తరం వెళ్లాలి. చెప్పడానికి కొత్తది లేనప్పుడు రాయకపోవడమే మేలు.

పదకొండో తరగతి సెప్టెంబరు దాటింది, ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. దాని అర్థం ఏమిటి?

సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. ఆ సంవత్సరానికి ఆ స్థానం నిండిపోయి ఉండవచ్చు, ఉత్తరం కంటపడి ఉండకపోవచ్చు, లేదా ఆమె ఆట ఆ స్థాయికి చాలదని వాళ్లు అనుకొని ఉండవచ్చు. ఏ కారణమో తేల్చగలిగేది క్లబ్ కోచ్. ఆయనను కూర్చోబెట్టి, మా అమ్మాయి ఏ స్థాయిలో ఆడగలదో నొప్పించినా సరే నిజం చెప్పండి అని అడగండి. డివిజన్ వన్ కోచ్‌లు ఇరవై మంది మౌనంగా ఉండి, డివిజన్ త్రీ కోచ్‌లు ఇద్దరు వెంటనే రాశారంటే, ఆట ఎక్కడ సరిపోతుందో వాళ్లు మనకు చెబుతున్నట్టే. ఆ ఇద్దరికీ అదే రోజు జవాబు రాయించండి.

వీడియో ఎలా ఉండాలి?

మూడు, నాలుగు నిమిషాలు మించకూడదు. సంగీతం, మెరుపులు, పేరు గిరగిరా తిరుగుతూ రావడం ఏవీ అక్కర్లేదు. మొదటి ముప్ఫై సెకన్లలో ఆమెకు అన్నిటికన్నా బాగా వచ్చినదాన్ని పెట్టండి, ఎందుకంటే చాలామంది అంతకు మించి చూడరు.

పిచర్ అయితే క్యాచర్ వెనుక నుంచీ, పక్క నుంచీ, పిచర్ వెనుక నుంచీ తీయాలి. ఏ బంతి వేస్తున్నదో ముందుగా చెప్పి వేస్తే చూసేవారికి సులభంగా ఉంటుంది. బ్యాటింగ్‌ను పక్క నుంచి, అంటే ఆమె ఛాతీ మనకు కనిపించే వైపు నుంచి తీయాలి. ఇన్‌ఫీల్డర్ అయితే కుడికి, ఎడమకు, ముందుకు వచ్చి అందుకునే బంతులు, ప్రతిసారీ విసిరిన బంతి ఫస్ట్ బేస్ చేరేదాకా కనిపించాలి. బంతి అందుకోగానే కట్ చేసిన వీడియో చేతుల్ని చూపిస్తుంది కానీ భుజాన్ని చూపించదు. అసలు ఆటల్లోని ముక్కలు కూడా చివర కలపండి. ఫోను కెమెరా సరిపోతుంది, స్టాండ్ మాత్రం ఉండాలి.

హైస్కూల్ జట్టులో రాణిస్తోంది. ట్రావెల్ బాల్ తప్పనిసరా?

దీనికి కారణం క్యాలెండరులో ఉంది. కాలేజీ సీజన్ ఫిబ్రవరిలో మొదలై వసంతమంతా సాగుతుంది, అత్యధిక రాష్ట్రాలలో హైస్కూల్ సీజన్ కూడా వసంతంలోనే. తమ సొంత మ్యాచ్‌లు ఆడించుకుంటున్న కోచ్‌లు ఆ రోజులలో హైస్కూల్ మైదానాలకు రాలేరు. వాళ్లు తిరిగేది వేసవిలోనూ, శరదృతువులోనూ. ఆ కాలంలో పిల్లలంతా ఆడేది ట్రావెల్ క్లబ్బులలో. పైగా ఒకేచోట వందల జట్లు కలిసే టోర్నమెంటుకు వెళితే కోచ్‌కు ఒక్క విమాన టికెట్టుతో పని అవుతుంది. జూలై 4 వారంలో కొలరాడోలోని డెన్వర్ చుట్టుపక్కల జరిగేవి, కాలిఫోర్నియాలో పీజీఎఫ్ జాతీయ టోర్నమెంటు, అలయన్స్ లీగుల పోటీలు ఇలాంటివి. హైస్కూల్ ఆట తనకు తానుగా విలువైనదే. ఊరి పిల్లలతో కలిసి ఊరి కోసం ఆడటం వేరే సంతోషం. దానిని రిక్రూటింగ్ తూకంలో వేయవలసిన అవసరం లేదు.

ఏ ట్రావెల్ జట్టును ఎంచుకోవాలి? ఖర్చు చూస్తే భయమేస్తోంది.

భయపడటం న్యాయమే. క్లబ్ ఫీజు, పిచింగ్ లెసన్లు, బ్యాట్లు, విమానాలు, హోటళ్లు కలిపితే ఏడాదికి వేల డాలర్లు అవుతాయి, మధ్యతరగతి ఇంటికి అది చిన్న భారం కాదు. అందుకే పేరు చూసి చేర్పించవద్దని చెబుతాను. ఒకే పేరు కింద దేశమంతటా పదుల జట్లు నడిపే క్లబ్బులు ఉన్నాయి. ఆ పేరును ప్రసిద్ధం చేసింది వాటిలో ఒకటి రెండు జట్లే కావచ్చు. అడగవలసిన ప్రశ్నలు వేరు: గత మూడేళ్లలో ఈ కోచ్ చేతి కింద ఆడిన పిల్లలు ఏయే కాలేజీలకు వెళ్లారు? ఆయన కాలేజీ కోచ్‌లకు ఫోన్ చేస్తారా? మా అమ్మాయి ఆడే స్థానంలో జట్టులో ఇంకెందరు ఉన్నారు? ఎంత గొప్ప జట్టయినా బెంచీ మీద కూర్చున్న పిల్లను ఏ కోచ్ కూడా చూడలేరు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను రిక్రూటింగ్ పేరుతో రాష్ట్రాలు తిప్పడం నా దృష్టిలో అనవసరం. ఆ డబ్బును మంచి లెసన్లకూ, ఆ వారాంతాలను విశ్రాంతికీ ఇవ్వండి.

మైదానం పక్కన కూర్చున్న కోచ్ నిజంగా ఏమి చూస్తారు?

స్కోరు చూడరు. ఒక ఆటలో మూడు హిట్లు కొట్టడమో, మూడుసార్లు అవుటవడమో వాళ్ల నిర్ణయాన్ని మార్చేది తక్కువ. చేతుల వేగం, పాదాల కదలిక, బంతి బ్యాటుకు తగిలే ముందే ఫీల్డర్ శరీరం సిద్ధమైందా లేదా, ఇవి హిట్టు పడినా పడకపోయినా కనిపిస్తాయి. సాఫ్ట్‌బాల్‌లో మెత్తదనం పేరుకు మాత్రమే. పిచర్ నిలబడేది 43 అడుగుల దూరంలో. క్రికెట్ పిచ్ 66 అడుగులని గుర్తు తెచ్చుకుంటే, గంటకు 65 మైళ్ల వేగంతో వచ్చే బంతిని ఆడటానికి అర సెకను కూడా ఉండదని మనవాళ్లకు సులభంగా అర్థమవుతుంది. అంత వేగాన్ని రేపు తట్టుకోగల చేతులు ఈ రోజు ఈ పిల్లకు ఉన్నాయా అన్నదే వాళ్లు వేసే లెక్క.

మిగిలిన సగం ఆట బయటిది. వార్మప్‌లో ఎలా విసురుతోంది, స్ట్రైక్ అవుట్ అయి తిరిగి వస్తూ హెల్మెట్ విసిరిందా, తోటి పిల్ల తప్పు చేసినప్పుడు ముఖం ఎలా పెట్టింది, రెండు ఇన్నింగ్స్ మధ్య పరుగెత్తుకుంటూ వచ్చిందా నడిచి వచ్చిందా, డగౌట్‌లో ఆడనప్పుడు ఏమి చేస్తోంది. తల్లి నీళ్ల సీసా తెచ్చి ఇచ్చినప్పుడు ఆమెతో ఎలా మాట్లాడిందో కూడా చూస్తారు. మా అమ్మాయిని తీసుకున్న కోచ్, ఆమెను మొదటిసారి గమనించినది ఒక ఎర్రర్ చేసిన తరువాతి బంతికట. తప్పు చేసిన వెంటనే పిచర్ దగ్గరికి వెళ్లి ఏదో చెప్పి వచ్చి, మళ్లీ అదే చోట నిలబడి తరువాతి బంతిని అడిగినట్టు కనిపించిందని చెప్పారు.

మా అమ్మాయి పొట్టిగా ఉంటుంది. అవకాశం ఉంటుందా?

ఫస్ట్ బేస్‌లోనూ, పిచర్లలోనూ పొడవుకు కొంత మొగ్గు ఉన్నమాట నిజం. సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్, అవుట్‌ఫీల్డ్ స్థానాలలో వేగానికే విలువ ఎక్కువ. ఎడమచేతి వాటంగా నిలబడి, పరుగు మొదలుపెడుతూనే బంతిని తట్టే స్లాపర్లు ఈ ఆటకే ప్రత్యేకం. ఆ వైపు నుంచి ఫస్ట్ బేస్ రెండడుగులు దగ్గర. వేగంగా పరుగెత్తే కుడిచేతి వాటం పిల్లలకు కూడా చిన్నప్పుడే ఎడమవైపు నుంచి ఆడటం నేర్పిస్తారు. బేసుల మధ్య దూరం 60 అడుగులే కాబట్టి, హోమ్ నుంచి ఫస్ట్‌కు మూడు సెకన్ల లోపు చేరే పిల్ల ఇన్‌ఫీల్డ్ మొత్తాన్ని కంగారు పెట్టగలదు. కోచ్‌ల చేతిలో స్టాప్‌వాచ్ ఉండేది అందుకే. పిచర్ల విషయంలో డివిజన్ వన్‌లో గంటకు 60 మైళ్లకు పైబడిన వేగం మామూలు, అగ్రశ్రేణిలో అది 70 దాటుతుంది. అయితే వేగం తక్కువైనా బంతిని కిందికీ, పైకీ తిప్పగలిగి, కోరిన చోట వేయగలిగిన పిచర్‌ను ఏ స్థాయిలోనైనా వెతుక్కుంటారు. అంకెలను పెంచి రాయవద్దు, క్యాంపులో మొదటి పది నిమిషాలలో బయటపడుతుంది.

కాలేజీ నుంచి క్యాంపుకు ఆహ్వానం వచ్చింది. ఎంపిక చేసినట్టేనా?

చాలాసార్లు కాదు. ప్రశ్నావళి నింపిన ప్రతి పిల్లకూ ఆ ఉత్తరం వెళుతుంది. క్యాంపు ఫీజులు కోచింగ్ సిబ్బందికి ఆదాయం కూడా. ఉత్తరంలో ఆమె ఆట గురించి, ఆమె ఆడిన ఫలానా మ్యాచ్ గురించి ప్రస్తావన ఉంటే అప్పుడు ఆలోచించండి. వెళ్లదలచుకుంటే జాబితాలో పైనున్న మూడు నాలుగు కాలేజీలకే వెళ్లి, అంతకు రెండు వారాల ముందు ఆమె చేత కోచ్‌కు ఉత్తరం రాయించండి. రోజంతా కోచ్‌లు తమ పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో చూసే అవకాశం మనకూ అక్కడ దొరుకుతుంది. పదకొండో తరగతి సెప్టెంబరుకు ముందు క్యాంపులో కూడా డివిజన్ వన్ కోచ్‌లు రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు కాబట్టి, మౌనాన్ని చూసి పిల్ల నిరాశపడకుండా ముందే చెప్పి తీసుకెళ్లండి.

డబ్బు తీసుకుని కాలేజీలలో చేర్పిస్తామనే రిక్రూటింగ్ సంస్థల సాయం అవసరమా?

అవసరం లేదు. వాళ్లు చేసే పనులలో చాలావరకు, అంటే ప్రొఫైలు పెట్టడం, కోచ్‌ల ఈమెయిళ్లు సేకరించడం, ఉత్తరాలు పంపడం, ఒక ఆదివారం మధ్యాహ్నం మీ అమ్మాయి మీ భోజనాల బల్ల దగ్గర కూర్చుని చేసుకోగలదు. కోచ్‌ల చిరునామాలు ప్రతి కాలేజీ క్రీడా విభాగం వెబ్‌సైట్‌లో బహిరంగంగానే ఉంటాయి. ఎవరైనా చోటు ఖాయమని హామీ ఇస్తే ఆ సంభాషణను అక్కడే ముగించండి.

చదువుకూ దీనికీ సంబంధం ఎంత?

మన ఇళ్లలో ఈ ప్రశ్న అడగరేమో అనుకున్నాను కానీ, ఆట బాగా ఆడే పిల్ల మార్కులు కొంచెం తగ్గినా పరవాలేదని అనుకునేవారు కూడా కనిపించారు. కనీస అర్హత మాట మొదట. డివిజన్ వన్‌లో ఆడాలంటే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు కావాలి, హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు పూర్తి చేయాలి, వాటిలో 10 పన్నెండో తరగతి మొదలయ్యే లోపే అయిపోవాలి, ఆ కోర్సులలో జీపీఏ 2.3 తగ్గకూడదు. డివిజన్ టూకు అది 2.2. శాట్, ఏసీటీ స్కోర్లను ఈ అర్హత కోసం 2023లో తీసివేశారు, కాలేజీ మాత్రం తన ప్రవేశం కోసం అడగవచ్చు. తొమ్మిదో తరగతిలోనే కౌన్సెలర్‌ను కలిసి, మీ స్కూల్ కోర్సులలో ఏవి ఎన్‌సీఏఏ లెక్కకు వస్తాయో చూసుకోండి.

మన పిల్లలకు అసలు బలం ఉన్నది ఈ కనీసానికి పైన. హార్వర్డ్, ప్రిన్స్‌టన్‌తో సహా ఎనిమిది ఐవీ లీగ్ కాలేజీలకూ డివిజన్ వన్ సాఫ్ట్‌బాల్ జట్లు ఉన్నాయి. ఎంఐటీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, ఎమరీ, టఫ్ట్స్, విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ డివిజన్ త్రీలో ఆడతాయి. వాటిలో టఫ్ట్స్ 2013 నుంచి వరుసగా మూడేళ్లు జాతీయ ఛాంపియన్. ఈ కోచ్‌లకు మైదానంలో నచ్చిన పిల్లలలో ఎక్కువమందిని అడ్మిషన్ల కార్యాలయం దాటించలేరు. వాళ్లకు రెండు తలుపులూ దాటగల పిల్ల కావాలి. పదకొండో తరగతి ముగిసిన వేసవిలో వాళ్లలో చాలామంది మార్కుల పత్రాన్ని అడ్మిషన్ల వారికి ముందుగా చూపిస్తారు, దానిని ప్రీ రీడ్ అంటారు. అనుకూలంగా వస్తే ముందస్తు దరఖాస్తు చేయమంటారు, చాలాచోట్ల అది సీటు వస్తే చేరతామని కట్టుబడే ఎర్లీ డెసిషన్. ఏపీ అనే కాలేజీ స్థాయి కోర్సులు తీసుకుంటూ, మంచి జీపీఏతో, ఫరవాలేదనిపించే క్యాచింగ్ చేసే అమ్మాయికి ఈ దారిలో దొరికే చోటు కేవలం మార్కులతో పోటీ పడితే దొరకకపోవచ్చు. డివిజన్ త్రీ అంటే మూడో తరగతి అనుకుని పెదవి విరిచే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

స్కాలర్‌షిప్ ఎంత వస్తుంది?

పూర్తి స్కాలర్‌షిప్ కలను కొంత పక్కన పెట్టండి. చాలా ఏళ్లపాటు డివిజన్ వన్ జట్టుకు 12 స్కాలర్‌షిప్‌లు, డివిజన్ టూ జట్టుకు 7.2 మాత్రమే పరిమితి. కోచ్ వాటిని ముక్కలు చేసి ఇరవై మందికి పైగా పంచేవారు. 2025 జూన్‌లో, కాలేజీ ఆటగాళ్లకు డబ్బు చెల్లించడం గురించి నడిచిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం వచ్చాక, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, బదులుగా జట్టులో 25 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. ధనిక కాలేజీలు ఇప్పుడు ఎక్కువ ఇవ్వగలవు, కానీ అదే కారణంగా స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరే వాక్ ఆన్ పిల్లలకు ఉండే చోటు తగ్గింది. ఐవీ లీగ్‌లోనూ, డివిజన్ త్రీలోనూ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం, డివిజన్ త్రీలో అయితే మార్కులను బట్టి ఇచ్చే సాయం కూడా ఉంటాయి. కొన్నిసార్లు ఆ సాయం, వేరేచోట వచ్చే చిన్న క్రీడా స్కాలర్‌షిప్ కన్నా పెద్దది. కోచ్‌ను డబ్బు గురించి అడగడం అమర్యాద కాదు. మొత్తం ఖర్చులో మేము కట్టవలసింది ఎంత, అది ఏటా మారుతుందా అని స్పష్టంగా అడగండి.

కోచ్ చోటు ఇస్తానన్నారు, అమ్మాయి ఒప్పుకుంది. ఇక నిశ్చింతేనా?

నోటి మాటకు రెండువైపులా కట్టుబాటు లేదు. కోచ్ మారవచ్చు, కాలేజీ మారదలచిన ఆటగత్తెల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో అనుభవమున్న ఆటగత్తె దొరకవచ్చు. ఇంతకుముందు ఉన్న నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతిని 2024 అక్టోబరులో రద్దు చేశారు. ఇప్పుడు కాలేజీతో సంతకం చేసే ఆర్థిక సాయపు ఒప్పందమే లెక్క. ఆ సంతకం అయ్యేవరకు చదువు, ఆట, రెండో మూడో కాలేజీలతో మర్యాదపూర్వకమైన సంబంధం, ఏదీ వదలవద్దు. మాట ఇచ్చిన తరువాత మాత్రం ఇతర కోచ్‌లకు ఆమె చేతనే కృతజ్ఞతతో చెప్పించండి. కోచ్‌లు ఉద్యోగాలు మారుతుంటారు, ఆ ఉత్తరాన్ని మరిచిపోరు.

మేము హెచ్ 1బీ మీద ఉన్నాము, అమ్మాయిది హెచ్ 4. ఆమెకు ఇవన్నీ వర్తిస్తాయా?

ఆడటానికి వీసా అడ్డు కాదు. కాలేజీ ఇచ్చే క్రీడా స్కాలర్‌షిప్ ఉద్యోగం కిందికి రాదు, దానిని తీసుకోవచ్చు. మూడు చిక్కులు మాత్రం ఉన్నాయి. ఫాఫ్సా ద్వారా వచ్చే ఫెడరల్ సాయానికి ఆమె అర్హురాలు కాదు, కాబట్టి సొంత నిధుల నుంచి సాయం చేసే కాలేజీలకు జాబితాలో ప్రాధాన్యం ఇవ్వాలి. 21 ఏళ్లు నిండేసరికి గ్రీన్ కార్డు రాకపోతే హెచ్ 4 పోతుంది, సాధారణంగా ఎఫ్ 1కు మారవలసి వస్తుంది. అది మూడో, నాలుగో కాలేజీ సంవత్సరంలో, సీజన్ మధ్యలో పడవచ్చు. మూడవది ఎన్‌ఐఎల్ ఆదాయం, అంటే ఆటగత్తె పేరు, బొమ్మ వాడుకున్నందుకు వ్యాపారులు ఇచ్చే డబ్బు. స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కు మారిన పిచర్ నిజారీ క్యానడీకి పది లక్షల డాలర్ల ఒప్పందం వచ్చిందన్న వార్త విని పిల్లలు ఉత్సాహపడతారు. పని చేసే అనుమతి లేని వీసా మీద అలాంటి డబ్బు తీసుకుంటే వీసాకే ముప్పు రావచ్చు. చిన్న దుకాణం ఇచ్చిన ఉచిత బ్యాటు విషయంలో కూడా ముందుగా ఇమిగ్రేషన్ లాయరును అడగండి. ఈ వీసా సంగతి కోచ్‌కు ఎప్పుడు చెప్పాలని అడుగుతారు. సంభాషణ నిజంగా మొదలైన వెంటనే చెప్పండి. కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఉంటుంది, వాళ్లకు ఇది కొత్త కాదు.

పదకొండో తరగతి వేసవి వచ్చేసింది, ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు. ఆలస్యమైపోయిందా?

పెద్ద డివిజన్ వన్ జట్లకు చాలావరకు ఆలస్యమే. డివిజన్ త్రీ, ఎన్‌ఏఐఏ, చాలా డివిజన్ టూ జట్లు పన్నెండో తరగతి శరదృతువు వరకు, కొన్ని ఆపైన కూడా వెతుకుతూనే ఉంటాయి. గాయం వల్ల ఏడాది పోయిన పిల్లలకు జూనియర్ కాలేజీ మంచి దారి. అక్కడ రెండేళ్లు ఆడి, తక్కువ ఫీజుతో చదివి, ఆ తరువాత నాలుగేళ్ల కాలేజీకి మారవచ్చు. మన సమాజంలో కమ్యూనిటీ కాలేజీ అనగానే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ ఉంటుంది. ఆ నలుగురూ ఫీజు కట్టరు.

తల్లిదండ్రులుగా మేము చేయవలసింది ఏమిటి?

బండి నడపడం, డబ్బు లెక్క చూడటం, వీడియో తీయడం, ఉత్తరాలలో తేదీలు సరిచూడటం. కోచ్‌తో ఫోన్ మాట్లాడేటప్పుడు గదిలోంచి బయటికి వెళ్లడం కూడా మన పనే. మొదటి ఫోన్‌కు ముందు మా అమ్మాయి వణికిపోతుంటే, వంటింట్లో నేను కోచ్‌గా నటిస్తూ ఆమెతో నాలుగుసార్లు మాట్లాడాను. తను అడగదలచిన మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుంది. మ్యాచ్ జరుగుతున్నప్పుడు కంచె పట్టుకుని సలహాలు అరవడం, అంపైర్ మీద కేకలు వేయడం, ఇవి కోచ్‌లు దూరం నుంచే గమనించి పేరు కొట్టేసే విషయాలు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆట గురించి ఆమె ఎత్తితే తప్ప మనం ఎత్తకూడదు. ఇది పాటించడం నాకు అన్నిటికన్నా కష్టమైంది.

కాలేజీని చూడటానికి వెళ్లినప్పుడు మైదానం, జిమ్ చూపించిన తరువాత ఆమెను లైబ్రరీలో ఒక అరగంట ఒంటరిగా కూర్చోబెట్టండి. మోకాలు దెబ్బతిని రేపటి నుంచి ఆడలేకపోయినా నువ్వు ఇక్కడే చదువుకోవడానికి ఇష్టపడతావా అని అడగండి. మా అమ్మాయి మొదట మురిసిపోయిన కాలేజీని జాబితాలోంచి కొట్టేసింది ఆ ప్రశ్నకు జవాబు చెబుతూనే.